రెజిమెంటు పుస్తకంలో నా కొడుకు

వాల్యా సెకారీ,
1944 మార్చి 12, ఆదివారం

ఒరేయ్ పాంతెలీ,

నేను చావలేదు, ఆవు ఈనింది, ప్లొయెష్టి చమురు కర్మాగారాల వైపు ఆకాశం పొగగా ఉంది. మా కబుర్లు ఇంతే. ఈ ఉత్తరంలో మాట నాది, చెయ్యి టీచరమ్మ అగ్రిపీనాది. రష్యావాళ్ళు వస్తున్నారని బెసరాబియా వదిలేసి వచ్చి, మన ముందుగదిలో ఉంటోంది. నేనన్నది అన్నట్టే రాయమని, చక్కెర కలపొద్దని ముందే చెప్పాను.

మొన్న బుధవారం మీ డిపోకి నడిచి వచ్చాను. తొమ్మిది కిలోమీటర్లు, దారంతా బురద. నువ్వు లేవు. మీసం రాని గుమాస్తా ఒకడు పెద్ద పుస్తకం తెరిచి, వేలు పెట్టి కిందికి జారుస్తూ వెళ్ళి, "ఇలారియె ముషాత్. కనిపించడం లేదు" అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు నాయనా, కనిపించకే కదా వచ్చాను అన్నాను. వాడు పుస్తకం మూసేశాడు.

మేక కనిపించకపోతే కొండెక్కి వెతుకుతాం. ముప్పై ఏళ్ళ మనిషి డాన్ నది దగ్గర కనిపించకుండా పోయి పదహారు నెలలైంది. మీ సైన్యంలో ఒక్కడైనా లేచి వెతికాడా?

నా వ్యాజ్యం చెబుతాను, విను. మీ సైన్యానికి మూడుసార్లు మనిషినిచ్చిన ఇల్లు ఇది. మా నాన్న పద్దెనిమిది వందల డెబ్భై ఏడులో డాన్యూబ్ దాటి తురకల కోట మీదికి వెళ్ళాడు, కాళ్ళకి తోలుముక్కలు చుట్టుకుని. తిరిగి వచ్చాడు, ఆ మరుసటేడు నేను పుట్టాను. మా ఆయన పోయిన పెద్ద యుద్ధంలో, పదిహేడులో, మరాషెష్టికి వెళ్ళాడు, నెత్తిన ఫ్రెంచివాళ్ళ ఇనుప టోపీ పెట్టుకుని. రాలేదు. కానీ కాగితం వచ్చింది, అందులో తేదీ ఉంది. ఆ తేదీకి ఏడేళ్ళపాటు ఆయన ఆత్మ కోసం గోధుమలు ఉడికించి పంచాను. నా కొడుకుని జర్మనీవాడి పక్కన నిలబెట్టి రష్యా పంపారు. వాడికిచ్చిన ఫిరంగిని గుర్రాలు లాగేవి. గుండు ట్యాంకుకి తగిలి గోడకేసి కొట్టిన అక్రోటు కాయలా వెనక్కి వచ్చేదని వాడే సెలవుకి వచ్చినప్పుడు చెప్పాడు. ఆ ఫిరంగి ఇచ్చినవాళ్ళు ఇప్పుడు వాడు కనిపించడం లేదంటే నేను ఊరుకోవాలా?

కోడలు వేతాకి ఇరవై ఎనిమిదేళ్ళు. గుడికి వెళ్ళేటప్పుడు తలకి భర్త ఉన్నవాళ్ళ తెల్లగుడ్డ కట్టుకోవాలో విధవల నల్లగుడ్డ కట్టుకోవాలో తెలియక గుడికే వెళ్ళడం మానేసింది.

నువ్వు డిపోలో రాతపని చేసేవాడివి. తల్లి పోతే ఆరేళ్ళవాడివి నా ఇంటికొచ్చావు. నా చేతి సంకటి తిని, ఇలారియెతో ఒకే దుప్పటి కప్పుకుని పెరిగావు. ఆ పుస్తకంలో ఏదో ఒకటి రాయించు. ఉన్నాడనో లేడనో. మధ్యలో వేలాడదీయకండి.

నీ మేనత్త
సఫ్తా (వేలిముద్ర)

*

రెజిమెంటు డిపో,
1944 ఏప్రిల్ 4

అత్తా,

నీ చేతిని ముద్దు పెట్టుకుని మొదలుపెడుతున్నాను. నువ్వు వచ్చిన రోజు నేను రైల్వేస్టేషన్లో రైఫిళ్ళు దించుకుంటున్నాను. రైఫిళ్ళు మూడు దేశాలవి వచ్చాయి, తూటాలు నాలుగో దేశానివి. ఏది దేనికి సరిపోతుందో చూస్తూ మూడు రోజులు గడిపాం. కొత్తగా చేరినవాళ్ళకి వాటితోనే కవాతు నేర్పిస్తున్నారు. మోల్దోవాలో సగం పోయింది, యుద్ధం మన గుమ్మంలోకి వచ్చింది. అక్కడ పోరాడుతున్న మన రెజిమెంటు పేరుకే రెజిమెంటు. డాన్ దగ్గర పోయినవాళ్ళ జాగాలు ఇంకా నిండలేదు.

ఆ గుమాస్తాని తప్పు పట్టకు. నువ్వు చూసిన పుస్తకం రెజిమెంటు చరిత్ర. ఏ రోజు ఎక్కడ నిలబడ్డాం, ఎవరు నడిపారు, ఎన్ని తుపాకులున్నాయి, ఎవరు పోయారు, అన్నీ అందులోనే ఉంటాయి. నా కళ్ళు బాగాలేవని నన్ను యుద్ధానికి పంపకుండా దాని ముందు కూర్చోబెట్టారు. అందులో కనిపించడం లేదు అన్న మాట నాలుగు వందల పదకొండు చోట్ల నేనే రాశాను. ఇలారియె పేరు పక్కన రాసింది కూడా నేనే.

ఇప్పుడు కర్నలు గారు ఆజ్ఞ ఇచ్చారు. డిపో కదలాల్సి వచ్చే లోపల లెక్క తేలని పేర్లన్నీ తేల్చాలట. చూసినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెబితే చాలు. ఇలారియె దళంలో పనిచేసి ప్రాణాలతో వచ్చినవాళ్ళు ఇద్దరు ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నారు.

నీ మాట నాకు అర్థమైంది అత్తా. ఎంత గుండె రాయి చేసుకుని చెప్పి ఉంటావో కూడా అర్థమైంది. నువ్వు కోరినట్టే మధ్యలో ఉంచను. వేతా గుడికి వెళ్ళగలుగుతుంది.

నీ పాంతెలీ

*

వాల్యా సెకారీ,
1944 జూన్ 6

పాంతెలీ,

ఊరి కచేరీ గుమాస్తా సారాకొట్టు ముందు నిలబడి నీ కాగితం చదివాడు. ఇలారియె ముషాత్, ఫిరంగి దళం, దేశం కోసం వీరమరణం, 1942 నవంబరు 21. వేతా అక్కడే కూలబడింది. నేను కూలబడలేదు. ఎవరు చూశారని అడిగాను. ముద్ర ఉందమ్మా అన్నాడు వాడు. ముద్ర చూసిందా అన్నాను.

గుడిలో బతికున్నవాళ్ళ కొవ్వొత్తులకి ఒక పళ్ళెం, చచ్చినవాళ్ళ కొవ్వొత్తులకి ఒక పళ్ళెం. పద్దెనిమిది నెలలుగా నా కొడుకు కొవ్వొత్తి బతికున్నవాళ్ళ పళ్ళెంలో పెడుతున్నాను. మొన్న ఆదివారం కూడా అక్కడే పెట్టాను. పూజారి వచ్చి తీసి పక్క పళ్ళెంలో పెట్టాడు. నేను తీసి మళ్ళీ మొదటి చోటే పెట్టాను. ఆయన మళ్ళీ తీశాడు. ఊరంతా చూస్తుండగా ముసలాయనా, ముసలిదాన్ని నేనూ ఒక కొవ్వొత్తి కోసం పెనుగులాడుకున్నాం. చివరికి అది విరిగింది.

శనివారం, చచ్చినవాళ్ళ పండగ రోజున, వేతా అన్నీ చేసింది. శిలువ చెక్కించింది, గోధుమలు పంచింది, వాడి బట్టలన్నీ దానం ఇచ్చింది. పెళ్ళినాటి నల్ల ఉన్ని కోటు తుదోసె తీసుకున్నాడు. కొండకవతలి ఊరివాడు, ఒడెస్సా దగ్గర కాలు పాడై ఇంటికొచ్చి, ఇక్కడి రంపపు మిల్లులో చేస్తున్నాడు. ఇక్కడివాడు తొడుక్కుంటే అవతలి లోకంలో ఉన్నవాడికి చలి ఆగుతుందంటారు. నీకు తెలుసు. మరి అక్కడికి వెళ్ళనివాడి బట్టలు దానమిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. బతికున్నవాణ్ణి ఒంటి మీది గుడ్డలతో సహా అవతలికి తోలినట్టు కాదా?

అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. సఫ్తాకి రాతిగుండె అని నా వెనకాల అనుకున్నారు, నాకు వినపడేటట్టే.

ఎవరా సాక్షులు? పేర్లు పంపు. నా కొడుకుని చంపమని నీకు ఎవరు చెప్పారు?

సఫ్తా (వేలిముద్ర)

*

రెజిమెంటు డిపో,
1944 జూన్ 21

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను నరికినా అంత నొప్పి ఉండేది కాదు.

చెప్పింది నువ్వే అత్తా. మార్చి ఉత్తరం నా దగ్గరే ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఆ పుస్తకంలో ఏదో ఒకటి రాయించు. ఉన్నాడనో లేడనో." ఉన్నాడని రాయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. లేడని రాయడానికి ఇద్దరు మనుషులున్నారు. గియోర్గె స్తాంకు, అనాని పెత్రేచె. ఇద్దరూ ఇలారియె ఫిరంగి దగ్గర పనిచేసినవాళ్ళే. ట్యాంకు ఆ ఫిరంగి గుంట మీదుగా వెళ్ళింది. వాళ్ళు వేలిముద్రలు వేశారు, నా చేత్తో నేనే పుస్తకంలో ఎక్కించాను. ఇంకెవరి చేతా రాయించకూడదనుకున్నాను.

నీకు మంచి చేశాననుకున్నాను. వేతాకి దారి దొరుకుతుందనుకున్నాను. వాడు నాకూ తమ్ముడే కదా అత్తా. నన్ను కూడా ఏడవనివ్వు.

పాంతెలీ

*

వాల్యా సెకారీ,
1944 ఆగస్టు 31

పాంతెలీ,

రెండు నెలలు నీకు రాయలేదు. టీచరమ్మ చేత నీ జూన్ ఉత్తరం చదివించుకుని, నా మాటని నీ నోట వింటూ కూర్చున్నాను. ఆ మాట నాదే. కానీ నేను చెప్పింది లేచి వెతకమని. నువ్వు విన్నది పూడ్చమని. ఎదురుగా ఉండి ఉంటే నా ముఖం చూసి నీకు తెలిసేది. కాగితానికి ముఖం ఉండదు.

ఇక్కడి సంగతులు. ఆగస్టు ఇరవయ్యో తేదీ ఆదివారం వేతా తుదోసెని పెళ్ళి చేసుకుంది. నేను అడ్డుపడలేదు, అదీ రాయి టీచరమ్మా. ఎకరాలు బీడు పడ్డాయి, నా నడుము వంగదు. ఇల్లు వాళ్ళకి వదిలి దొడ్లోని వేసవి వంటింట్లోకి మారాను. కుంటివాడైనా మంచివాడే, నన్ను అమ్మా అంటాడు. ఆదివారం ఆదివారం ఆ నల్లకోటు తొడుక్కుని గుడికి వెళ్తాడు. వాడు ముందు నడుస్తుంటే వెనక నుంచి చూడలేక నేను తల దించుకుని నడుస్తాను.

పెళ్ళయిన మూడో రోజు రాజుగారు రేడియోలో మాట్లాడారు. ఇవాళ్టి నుంచి జర్మనీవాడు శత్రువు, రష్యావాడు మిత్రుడు అన్నారు. సారాకొట్టు ముసలాళ్ళు టోపీలు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు, ఏం చెయ్యాలో తెలియక. అదే సైన్యం, అవే తుపాకులు, అదే బురద దారి. వెనక్కి తిరిగి నడవమన్నారు, అంతే. మన మిత్రులు నిన్న వచ్చి గుర్రాన్ని తోలుకుపోయారు.

పోనీ. గుర్రం పోయిందని ఏడవడానికి రాయించడం లేదు. ఇప్పుడు వాళ్ళు మిత్రులైతే వాళ్ళ దగ్గరున్న మన ఖైదీలు ఎందుకింకా ఖైదీలు? వెళ్ళి అడుగు. నీ కర్నలుని అడగమను. తలుపులు తెరిచి, పేర్లు పిలవమను. ఇలారియె ముషాత్ అని పిలిచి, ఎవరైనా లేస్తారేమో చూడమను.

సఫ్తా (వేలిముద్ర)

*

రెజిమెంటు డిపో,
1944 సెప్టెంబరు 5

అత్తా, అత్తా,

జూన్ తర్వాత నీ ఉత్తరం ఏదీ నాకు అందలేదు. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, వాడు నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆదివారం ఉదయం రష్యా వేషంలో ఒక దండు మన పట్నం మీదుగా వెళ్ళింది. మాట మాత్రం మన మాట. అక్కడి ఖైదీల శిబిరాల్లోంచి మనవాళ్ళని పోగుచేసి, రష్యా తుపాకులిచ్చి, ఒక డివిజనుగా కట్టారట. ఒకడు మన డిపో గేటు దగ్గర ఆగి, "గుడ్డి పాంతెలీ ఇంకా ఇక్కడే ఉన్నాడా?" అని అడిగాడు. నన్ను అలా పిలిచేవాడు లోకంలో ఒక్కడే.

బక్కచిక్కాడు. ముందు పళ్ళు రెండు లేవు. మెడలో గుండ్రటి డబ్బా ఉన్న రష్యా తుపాకి. నేను పట్టుకుని ఏడుస్తుంటే, "కళ్ళద్దాలు పగులుతాయిరా" అన్నాడు. వాళ్ళ అధికారి సోమవారం సాయంత్రం దాకా సెలవిచ్చాడు. ఊరివైపు వెళ్ళే కట్టెల బండి ఎక్కించాను.

అత్తా, నేను వాడికి ఏమీ చెప్పలేదు. శిలువ గురించి చెప్పలేదు, పుస్తకం గురించి చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్నవాడికి నువ్వు చచ్చావురా అని ఎలా చెప్పను? నువ్వు మెల్లగా చెబుతావులే అనుకున్నాను. వెళ్ళేటప్పుడు ఒక్క సంతకం పెట్టి వెళ్ళరా, పాత కాగితం ఒకటి సరిచేయాలి అని మాత్రం అన్నాను. వాడు స్వయంగా కర్నలు ముందు నిలబడితే ఒక్క గంటలో పుస్తకం సరవుతుంది.

నిన్న సాయంత్రం వస్తానన్నాడు, రాలేదు. నువ్వూ వేతా వదిలిపెట్టలేదని తెలుసు. వదలకండి, ఇంకో పూట ఉంచుకోండి. వాళ్ళ అధికారితో నేను మాట్లాడతాను.

నిన్ను ముద్దు పెట్టుకుంటున్నాను, నీ పెద్దకొడుకు
పాంతెలీ

*

వాల్యా సెకారీ,
1944 సెప్టెంబరు 24

పాంతెలీ,

వచ్చాడు. వెళ్ళిపోయాడు. ఎలా జరిగిందో చెబుతాను, తర్వాత నీ పని చెబుతాను.

ఆ ఆదివారం పూజ వదిలాక తుదోసె కుంటుకుంటూ ముందే ఇంటికొచ్చాడు. వేతా వాగు అవతల తల్లిని చూడడానికి వెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నాను, గేటు దగ్గర మాటలు వినిపించాయి. రష్యావాళ్ళెవరో ఆవు కోసం వచ్చారనుకుని గొడ్డలి తీసుకుని బయటికొచ్చాను. రష్యా చొక్కా తొడుక్కున్నవాడు నాకు వీపు చూపించి నిలబడ్డాడు. తుదోసె గేటుకి అడ్డంగా నిలబడ్డాడు, ఒంటి మీద నల్లకోటు.

"ఆ కోటు నీకు భుజాల దగ్గర బిగుసుకుంటోందే" అన్నాడు వచ్చినవాడు.

తుదోసె వాణ్ణెప్పుడూ చూడలేదు కదా. "దానం పుచ్చుకున్నదయ్యా, కొలత చూసి కుట్టించుకున్నానా? చచ్చిపోయినాయనది."

"ఎవరా చచ్చిపోయినాయన?"

"ఈ ఇంటాయనే. ఇలారియె అని. దేవుడాయన్ని చల్లగా చూడాలి."

అప్పుడు నా చేతిలో గొడ్డలి జారింది. ఆ చప్పుడుకి వాడు వెనక్కి తిరిగాడు.

తుదోసె తెల్లబోయాడు. కోటు విప్పబోయాడు, గుండీలు ఊడిరాలేదు. వద్దులే అన్నాడు నా కొడుకు, ఇచ్చింది మళ్ళీ తీసుకోకూడదు అన్నాడు. లోపలికి రారా అన్నాను. ఎవరి ఇంట్లోకమ్మా అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

గేటు బయట గట్టు మీద కూర్చున్నాం. పాలు తెచ్చిచ్చాను, తాగాడు. నేనే అన్నీ చెప్పాను, మెల్లగా చెప్పడం నాకు రాదు. శిలువ చూస్తానన్నాడు, వెంట వెళ్ళాను. తన పేరు తనే చదువుకున్నాడు. "తేదీ తప్పమ్మా. నవంబరు ఇరవై ఒకటిన నేను మా ఫిరంగి గుర్రాన్ని వండుకుని తింటున్నాను" అన్నాడు. తర్వాత పట్టుబడ్డారట. శిబిరంలో వందకి ఎనభై మంది చలికాలంలోనే పోయారట. కొత్త డివిజనుకి పేరిస్తారా అని అడిగితే ఇచ్చాడట. ఎందుకురా వాళ్ళ తుపాకి పట్టావు అంటే, ఆ సైన్యం పడమరకి నడుస్తోంది, మనిల్లూ పడమరే కదా అన్నాడు.

"నన్ను చచ్చానని రాయించిందెవరమ్మా?" అని అడిగాడు.

నీ పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. "నేనే" అన్నాను.

"నీకు రాయడం రాదుగా" అన్నాడు, నా తలగుడ్డ సరిచేశాడు.

పొద్దు కుంకకముందే లేచాడు. తొడుక్కోవడానికి ఇంట్లో వాడి చొక్కా ఒక్కటి కూడా లేదు, అన్నీ దానమైపోయాయి. డిపో వైపు వెళ్ళలేదు, కొండదారి పట్టి, దండుని అవతల కలుస్తానన్నాడు. నువ్వడిగిన సంతకం గురించి నాకు అప్పుడు తెలియదు. నీ ఉత్తరం వాడు వెళ్ళిన ఆరో రోజు వచ్చింది.

ఇప్పుడు నీ పని. ఆ పుస్తకం తెరిచి, వాణ్ణి బతికించు. రేపు వాడికి గాయమైతే ఇంటికి కబురు పంపేదెవరు, బతికున్నవాళ్ళ లెక్కలో వాడు లేకపోతే? సెలవు దొరికితే ఏ ఊరికని ఇస్తారు? చచ్చినవాణ్ణి వెనక్కి పిలవాలని ఏ అధికారికి తోస్తుంది? నా మాటే వాణ్ణి చంపితే, ఇదిగో ఇప్పుడు బతికున్నాడు అంటున్నాను. తప్పుగా వినడానికి ఇందులో ఏమీ లేదు. కావాలంటే నేను వచ్చి కర్నలు ముందు నిలబడతాను. నడవలేకపోతే పాకి వస్తాను.

సఫ్తా (వేలిముద్ర)

*

రెజిమెంటు డిపో,
1944 నవంబరు 19

అత్తా,

ఆలస్యానికి క్షమించమని అడగను. దానికి మించింది అడగాలి.

నీ ఉత్తరం అందే సరికి కర్నలు గారిని తీసేశారు. తూర్పు యుద్ధంలో పేరు తెచ్చుకున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నారు. ఆయన చోటికి వచ్చినాయన మొదటిరోజే చరిత్ర పుస్తకం తెప్పించుకున్నాడు. నలభై ఒకటి జూన్ నుంచి ఈ ఆగస్టు దాకా ఉన్న పేజీలన్నిటికీ దారం కట్టించి లక్కముద్ర వేయించాడు. ఆ యుద్ధాన్ని ఏ పేరుతో పిలవాలో పైనుంచి వచ్చేదాకా అందులో ఎవరూ అక్షరం కూడా మార్చకూడదట. మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడోసారి ఆయన, "యుద్ధం జరుగుతుంటే నాకు బతికున్నవాళ్ళకే బూట్లు లేవు, నువ్వు చచ్చినవాళ్ళని పట్టుకొస్తావా?" అన్నాడు. ఖైదీల డివిజనుకి రాశాను. మా మనుషులు మీ లెక్కలోకి రారు, వాళ్ళు మా అధీనం అని జవాబొచ్చింది.

అత్తా, ఇంకోటి ఉంది. సాక్ష్యం. స్తాంకూ పెత్రేచె ఇద్దరికీ చదువు రాదు. ట్యాంకు గుంట మీదుగా వెళ్ళడం చూశామన్నారు, అంతవరకే. ఇలారియె కింద ఉన్నాడా అని అడిగితే, ఉండే ఉంటాడు అన్నారు. ఉన్నాడు, చూశాం అని రాసింది నేను. చదివి వినిపించాను, వేలిముద్రలు వేశారు. రాసినవాడికి తెలిసే ఉంటుంది అనుకున్నారు. నీకు కావలసింది అదే అనుకుని రాశాను. ఇన్నాళ్ళూ నీ మాట అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

మిగిలింది ఇది. గాయపడినవాళ్ళ రైలు ఒకటి ఆగింది. అందులో ఆ డివిజనువాడు ఒకడున్నాడు. ఇలారియెతో ఒకే కంచంలో తిన్నవాడు, వాడి పళ్ళ గురించి నేను అడగకముందే చెప్పాడు. హంగరీలో తీసా నది దాటుతుండగా పడవ మునిగింది. ఇలారియెని నీళ్ళలో చూశాడు, గట్టు మీద చూడలేదు. అక్టోబరు ఎనిమిదికీ ఇరవైకీ మధ్య. ఏ రోజో చెప్పలేడు, ఆ రోజులన్నీ ఒకటే రోజు అన్నాడు.

ఈసారి నేను అతను చెప్పినదానికి ఒక్క మాట కలపలేదు.

ఆ వార్త తీసుకుని కొత్త అధికారి దగ్గరికి వెళ్ళాను, కనీసం ఇదైనా రాయనివ్వమని. పుస్తకంలో వీరమరణం అని ఉంది కదా, ఒక మనిషికి ఎన్ని రాస్తాం అన్నాడు.

పాంతెలీ

*

వాల్యా సెకారీ,
1945 జనవరి 14

పాంతెలీ,

అక్షరాలు మారాయని చూసి ఉంటావు. టీచరమ్మ లేదు. రష్యాతో చేసుకున్న ఒప్పందంలో ఉందని చెప్పి, బెసరాబియా నుంచి వచ్చినవాళ్ళనందరినీ లారీలెక్కించి తిరిగి తోలేశారు. మూట కూడా సరిగా కట్టుకోనివ్వలేదు. నీ నవంబరు ఉత్తరం ఆవిడే చదివింది, జవాబు రాయించే లోపల వెళ్ళిపోయింది. తర్వాత పూజారి రాస్తానన్నాడు. ఆయనతో నాకు మాటల్లేవు. చివరికి వేతా రాస్తోంది. నాలుగో తరగతి దాకా చదువుకుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, ఆమె గురించి చెప్పింది కూడా.

నిన్ను తిట్టడానికి నెల రోజులు మాటలు కూడబెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒక్కటీ పనికి రావడం లేదు. నువ్వు ఒక మాట కలిపావు, నేను ఒక మాట సగంలో వదిలేశాను. రెండూ కలిసి వాడి మీద మట్టి పోశాయి. క్షమించడం నాకు చేతకాదు, వదిలేయడమూ చేతకాదు. వసంతంలో రా. వచ్చి దొడ్డి కంచె బాగుచెయ్యి. ఏమీ మాట్లాడకు.

నీ కొత్త అధికారికి మాత్రం నా మాట చెప్పు. రాజుగారు ఒక్క సాయంత్రంలో శత్రువుని మిత్రుణ్ణి చేశాడు. సైన్యం మొత్తం వెనక్కి తిరిగింది, తుపాకులు తిరిగాయి, టోపీల మీది గుర్తులు మారాయి, కర్నళ్ళు మారారు. ఒక్క పేజీ తిప్పడం మాత్రం కుదరలేదని చెప్పు. మా నాన్నకి కాలిజోడు ఇవ్వని సైన్యం, మా ఆయనకి వేరే దేశపు టోపీ ఇచ్చిన సైన్యం, నా కొడుక్కి ఇవ్వాల్సింది ఒక గీత. ఒక పేరు మీద గీత గీసి, ఇంకో తేదీ రాయడం. అది కూడా మిగుల్చుకున్నారని చెప్పు. ఆ పుస్తకాన్ని ఎన్ని దారాలతో కట్టినా ఇంకెవరి తల్లీ తెరవమని రాదు, నేను తప్ప. నేనూ ఇక రాను.

పూజారి వాడికి మళ్ళీ ప్రార్థన చెప్పనన్నాడు. జూన్‌లో చెప్పాను కదా, రెండోసారి చెబితే మొదటిది దేవుడి దగ్గర అబద్ధమవుతుంది అన్నాడు. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం. ఎనిమిది నుంచి ఇరవై దాకా పదమూడు రోజులు. ఏటా పదమూడు రోజులూ పొయ్యి మీద గోధుమలు ఉంటాయి. ఒకదాంట్లో వాడి రోజు తగులుతుంది.

ఇప్పుడు ఒకటి చెబుతాను. సెప్టెంబరులో నీకు రాయించినప్పుడు ఇది చెప్పలేదు, తీసా నది సంగతి మాత్రమే తెలిసిన వేతాకీ చెప్పలేదు. వేతా, కలం ఆపకు, రాయి.

వాడు కొండదారి ఎక్కేముందు కోడలి గురించి అడిగాడు. ఎలా ఉంది అన్నాడు. బాగుంది, పెళ్ళికి ముందు నుంచే కడుపుతో ఉందనుకుంటాను అన్నాను. కొంచెం దూరం నడిచాడు. తర్వాత ఆగి, "వేతాని ఏమీ అనకమ్మా. నేను వచ్చానని చెప్పకు. వేరేవాడెవడో దారి తప్పి వచ్చాడని చెప్పు, బిడ్డని మోస్తున్న మనిషి" అన్నాడు. తుదోసె చేత కూడా మాట తీసుకోమన్నాడు. మేమిద్దరం ఆమెకి చెప్పింది అదే, రష్యావాడొకడు నీళ్ళు తాగి వెళ్ళాడని. నాలుగు నెలలు ఆమె ముఖం చూసినప్పుడల్లా ఆ మాట నా నాలుక చివరకొచ్చింది. కోపంతో చెబుదామనుకున్నాను చాలాసార్లు, నొప్పి పుట్టాలని. ఇవాళ కోపం లేదు. ఆమె ముఖం చూసి చెప్పడం రాదు నాకు, అందుకే రాయిస్తున్నాను.

ఇంతకంటే రాయడానికి ఈ పిల్లకి కాగితం కనపడటం లేదట. ఒళ్ళో ఏడో నెల పొట్ట, బల్ల దగ్గరికి జరగడం కూడా కష్టంగా ఉంది. ఆపేస్తున్నాను. కింది వేలిముద్ర నాది. పక్కన సిరా మీద పడిన తడి వేతాది, నేను ఏమీ కలపలేదు.

సఫ్తా (వేలిముద్ర)